నాలుగు వరుసల పక్షులు

మా వాతావరణ రాడార్ కేంద్రంలో పక్షుల కోసమే ఒక రిజిస్టర్ ఉండేది. చలికాలం మొదలై ఎండలు ముదిరేదాకా పులికాట్ సరస్సులో దిగే కొంగలూ రాజహంసలూ తెల్లవారగానే గుంపులుగా లేస్తాయి. రాడార్ తెరమీద అది సరస్సు నడుమ పుట్టి ఉంగరంలా విచ్చుకునే మరకగా కనబడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే కంప్యూటర్ వాన అనుకుని లెక్క కడుతుంది. ఒక ఏడాది అలాగే లెక్క కట్టి, ఎండ కాస్తున్న ఊళ్లో జల్లు పడుతోందని పైకి పంపిందట. ఆనాటినుంచి ఉదయం డ్యూటీలో ఉన్నవారు ఆ మరక చుట్టూ మౌస్‌తో ఒక చతురస్రం గీసి తుడిచివేయడం, ఎప్పుడు, ఏ దిక్కున, ఎంత దూరంలో తుడిచారో రిజిస్టర్లో రాయడం, చివరి గడిలో ‘పక్షులు’ అని రాసి సంతకం చేయడం ఆచారమైపోయింది.

నేను అక్కడ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి రెండు చలికాలాలైంది. ఎన్ని వందలసార్లు ‘పక్షులు’ అని రాశానో చెప్పలేను. చివరకు కళ్లు మరకను చూడకముందే చెయ్యి చతురస్రం గీసేది.

ఒక ప్రైవేటు కంపెనీ తమ మొదటి చిన్న రాకెట్టును మన తీరంనుంచి వదిలిన ఉదయం కూడా డ్యూటీ నాదే. మా కేంద్రానికి ఆ ప్రయోగంతో ఏ సంబంధమూ లేదు. అయినా అందరం మేడ ఎక్కాం. తెల్లటి పొగతోక వంపు తిరుగుతూ సముద్రం మీదికి సాగింది. చాలా దూరం వెళ్లాక ఒకచోట ఉబ్బి, అక్కడినుంచి సన్నటి తోకలుగా చీలిపోయింది. ఎవరో ఫోన్లో అప్పటికీ వీడియో తీస్తూనే ఉన్నారు. నేను కిందికి దిగి, నీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, ఆ పూట మిగిలిన పని పూర్తిచేశాను. నా వరకు ఆ రోజు అంతే జరిగింది.

దర్యాప్తు కమిటీ ఏర్పడేసరికి నెల దాటింది. రిటైరైన ఇంజనీర్లు నలుగురు, కంపెనీ మనుషులు ఇద్దరు. ఆ ఉదయపు ఫైళ్లు ఇవ్వమనీ, కనబడిన శకలాల జాబితా తయారుచేసి పెట్టమనీ మా కేంద్రాన్ని అడిగారు. మా ఇన్‌చార్జి సారు ఆ పని నాకు అప్పగించారు.

ఆ పని నాకు ఎంత నచ్చిందో చెబితేగాని తరువాతి కోపం అర్థం కాదు. రాకెట్టును వెంబడించే రాడార్ దాని శరీరాన్ని మాత్రమే చూస్తుంది. ఆ శరీరం ముక్కలైన క్షణంనుంచి దేన్ని వెంబడించాలో దానికి తెలియదు. మా వాతావరణ రాడార్ దేన్నీ వెంబడించదు. సుమారు పది నిమిషాలకొక చుట్టు తిరిగి, ఆకాశంలో ఏముంటే దాన్ని నమోదు చేసుకుంటుంది. బరువైన ముక్క ఒక చుట్టులో కనబడి మరుసటి చుట్టుకు సముద్రంలో ఉంటుంది. తేలికైన పలక మూడు నాలుగు చుట్లపాటు గాలితోబాటు కొట్టుకుపోతూ మెల్లగా దిగుతుంది. ఎంత వేగంగా దిగిందో, గాలికి ఎంత లొంగిందో చూస్తే దాని బరువుకూ వెడల్పుకూ ఉన్న పొంతన తెలుస్తుంది. ఆ పొంతనను కంపెనీ ఇచ్చిన భాగాల పట్టికతో సరిపోల్చితే ఇది ఇంధనం మండే మోటారు పెంకు, ఇది రెక్క, ఇది తొడుగు అని ఒక్కొక్కటే గుర్తుపట్టవచ్చు. చూడని వస్తువు గురించి, అది పడిన తీరును బట్టి నిజం చెప్పగలగడం నాకు గొప్పగా అనిపించింది.

గూడూరులో నేనుండే ఇంటి పక్క వాటాలో ఆ రాకెట్టు కట్టిన ఫిట్టర్ ఒకాయన ఉండేవాడు. చిల్లకూరు మనిషి. ఐ.టి.ఐ. చదివి, తడ దగ్గరి ఫ్యాక్టరీల్లో కొన్నాళ్లు చేసి, ఆ కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. వాళ్ల నాన్నకు గూడూరు బజారులో రేకు పనుల కొట్టు ఉంది. రోజా ఉపవాసాల నెలలో వాళ్లింటినుంచి సాయంత్రం నాకొక గిన్నెడు గంజి వచ్చేది. నేను ఆయనను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

రాకెట్టు పేలిపోయిన వారానికే ఆయనను పనిలోకి రావద్దన్నారు. మోటారు రెండు భాగాలను కలిపే జాయింటు దగ్గర మంట లీకై పేలిందని కంపెనీ తొలి అంచనా. ఆ జాయింటు బోల్టులు బిగించి సంతకం పెట్టింది ఆయనే. నాకు శకలాల జాబితా పని వచ్చిందని తెలిసి, ఒకరోజు గంజి గిన్నె తనే పట్టుకొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

“మేడం, ఒక మాట. బిగువు సరిపోయిందని రెంచి టక్కుమనేదాకా బిగించినాను. ఒక్కో బోల్టూ రెండేసి తూర్లు. టక్కుమన్నదని రాసుకునే మిషనేం లేదు. నా చెవి విన్నది, నా చెయ్యి పట్టింది. అంతే నా సాక్ష్యం.”

“అన్నా, నేను నీ తరపున రాయలేను. ఏం కనబడితే అది రాస్తాను.”

“నా తరపున రాయమని ఎవరన్నారు? కనబడింది మొత్తం రాయమంటున్నాను.”

ఆ మాట సరైనదే. నేను అదే చేస్తాననుకున్నాను.

జాబితా దాదాపు ముగిసిన రోజున తెరమీద ఒక వింత చూశాను. అన్ని శకలాల జాడలూ అలలకు తగిలి తిరిగొచ్చిన మెరుపు మధ్య ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకచోట మాత్రం అంచులు కత్తితో కోసినట్టున్న ఖాళీ చతురస్రం ఉంది. ప్రకృతిలో ఏదీ అంత తిన్నగా ఉండదు. మరుసటి చుట్టులో అలాంటిదే ఇంకొకటి, కాస్త తూర్పుకు జరిగి. ఆ తరువాత మూడోది. తరువాత నాలుగోది.

పక్షుల రిజిస్టర్ తీశాను. ఆ తేదీ కింద నాలుగు వరుసలు. నాలుగు సమయాలు, నాలుగు దూరాలు. చివరి గడిలో నాలుగుసార్లు ‘పక్షులు’, పక్కన నా సంతకం. సరస్సు మా కేంద్రానికి దక్షిణాన ఉంటుంది. దిక్కు గడిలో నేను రాసింది తూర్పు. సముద్రం మీద సరస్సు పక్షులను తుడిచానన్నమాట.

అసలు ఫైలు కోసం వెతికాను. తుడవని ఫైళ్లను మా దగ్గర నెలరోజులే ఉంచేవారు. డిస్కులో చోటు చాలదు. కమిటీ ఉత్తరం వచ్చేసరికే వాటిమీద వేరే రోజుల వానలు ఎక్కేశాయి.

ఆ రోజు నామీద నాకు కలిగిన విసుగు ఇప్పటికీ తగ్గలేదు. నిర్లక్ష్యం చేశానని కాదు. నిర్లక్ష్యం చేసినవారు రిజిస్టర్ రాయరు. నేను నియమం ప్రకారం, సమయం తప్పకుండా, చక్కటి దస్తూరీతో తప్పు చేశాను.

అయితే ఆ నాలుగు వరుసల్లో ఒక జాడ మిగిలి ఉంది. ఆ ఉదయం పైగాలి నేలనుంచి సముద్రం వైపు వీచింది. పేలుడులో ఊడిన తేలిక ముక్క ఏదైనా, పేలిన చోటునుంచి ఇంకా అవతలికే పోవాలి. నా మొదటి వరుసలోని చోటు పేలిన చోటుకంటే తీరానికి బాగా దగ్గర. అంటే పేలుడుకు ముందే ఏదో ఊడింది. భాగాల పట్టికలో అంత తేలికగా, అంత వెడల్పుగా ఉన్నది ఒక్కటే, ముక్కు దగ్గరి పక్క తలుపు. అది ముందు ఊడితే గాలి లోపలికి చొరబడి రాకెట్టు వంకర తిరుగుతుంది, ఆ ఒత్తిడికి జాయింటు విరుగుతుంది. అప్పుడు జాయింటు విరగడం ఫలితం, కారణం కాదు. బిగించినవాడి తప్పేమీ ఉండదు.

సారుకు చెప్పాను. ఆయన రిజిస్టర్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఏందిమ్మా ఇది. పచ్చులని నువ్వే రాసినావు, ఇప్పుడు పచ్చులు కాదంటుండావు.”

“తప్పు రాశాను సార్. అదే చెబుతున్నాను.”

“తప్పు రాసినానని నువ్వు చెప్తే నీ ఒక్కదాని మీద ఆగుతుందా? రెండేళ్ల రిజిస్టరు మొత్తం తప్పేమో అంటారు. వానల లెక్కలు కూడా తవ్వుతారు.”

“తవ్వనివ్వండి సార్.”

“తవ్వేది నీ కుర్చీ కింద కాదులే తల్లీ, నా కుర్చీ కింద. ఆర్నెల్లలో రిటైరవుతుండాను.”

అయినా ఆయన నన్ను ఆపలేదు. నా నివేదిక మీద ‘పంపడమైనది’ అని మాత్రం రాసి, తన అభిప్రాయం గడిని ఖాళీగా వదిలారు.

కాలేజీలో మమ్మల్ని డిబేట్ పోటీలకు తయారుచేసిన లెక్చరర్ ఒక నియమం పెట్టారు. ఎదుటివారి వాదనను వారికంటే బాగా చెప్పగలిగిన తరువాతే దాన్ని ఖండించాలి. కమిటీ ముందు కూర్చున్నప్పుడు నేను అలాగే మొదలుపెట్టాను. అవి పక్షులే కావచ్చుననే వాదనను నాకు చేతనైనంత బలంగా చెప్పాను. తరువాత దిక్కు చెప్పాను, దూరం చెప్పాను, గాలి చెప్పాను. రెక్కలున్నది గాలికి ఎదురు వెళ్లగలదు, పక్కకు వెళ్లగలదు. ఈ నాలుగు చోట్లూ గాలి ఎటు తోస్తే అటే జరిగాయని చెప్పాను.

కమిటీ అధ్యక్షులు పెద్దాయన, మర్యాదస్తులు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

“చాలా స్పష్టంగా చెప్పారమ్మా. ఒక్క సందేహం. ఏ ఎత్తులో?”

రిజిస్టర్లో ఎత్తు గడి లేదు. తుడిచివేసే పక్షి ఎంత ఎత్తులో ఉంటే ఎవరికి కావాలి?

“ఎత్తు తెలియకపోతే ఏ గాలితో పోల్చారు? పైన ఒక గాలి, కింద ఒక గాలి కదా.”

“దిగుతున్న వస్తువు కనుక పైనుంచి కిందికి అన్ని గాలులూ కలిపి లెక్కించాను సార్.”

“దిగుతున్న వస్తువు అని ముందే అనుకున్నారు. అది రుజువు కావలసిన విషయం కదా.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “చూడండమ్మా, మీ కన్ను పొరబడిందంటున్నారు, మీ అంకెలు పొరబడలేదంటున్నారు. రెండూ ఒక చేతి రాతే. ఒకదాన్ని నమ్మి ఇంకొకదాన్ని ఎలా వదిలేయమంటారు? వస్తువు చూపించండి. అప్పుడు ఈ రిజిస్టర్‌తో పనే ఉండదు.”

పోటీల్లో అయితే అలాంటి ప్రశ్న వేసిన జట్టుకు నేనే మార్కులు వేసేదాన్ని. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆ తలుపు పలక లోపల థర్మోకోల్ లాంటి గట్టి నురుగు నింపి ఉంటుంది కాబట్టి నీళ్లలో తేలుతుంది. తేలితే ఎక్కడో ఒడ్డుకు చేరాలి, లేదా ఎవరి పడవకో తగలాలి. నేను సెలవురోజుల్లో తీరం వెంట పల్లెలు తిరిగాను. ఎవరినడిగినా ఒకటే జవాబు. “ఏం రాలేదు మేడం.” అంత ఒక్కమాటగా ఎవరికీ ఏమీ దొరకకపోవడమే నాకు అనుమానం పుట్టించింది.

దారి చూపించింది ఫిట్టర్ అన్న. పనిలేక తండ్రి కొట్లో కూర్చుంటున్న ఆయనకు ఒక విషయం తట్టింది. చేపల పెట్టెలకు రేకు మూతలు వేసేది, చిల్లులు పడితే మాట్లు వేసేది ఆ కొట్టే. నెలకొకసారి మూత బాగుచేయించుకునే ఒక చేపల అక్క ఈమధ్య రావడం మానేసింది. బజారులో కనబడితే అడిగాడట. “నాకింక మీ రేకుతో పన్లేదులే” అని నవ్వి వెళ్లిపోయిందట.

ఇద్దరం బస్సెక్కి ఆమె పల్లెకు వెళ్లాం. ఆమె ఇసుకలో చేపలు ఏరుతూ కూర్చుని ఉంది. పక్కన ఐసు పెట్టె. దానిమీద తెల్లటి మూత, ఒక అంచున రంపంతో కోసిన గుర్తు.

“కూర్చోండి” అంది. మూత వైపు చూస్తున్న నా చూపు ఆమెకు అర్థమైంది. వెంటనే తన కొంగు దానిమీద పరిచింది. “రాకెట్టోళ్లా?”

“కాదక్కా. నాది వానల ఆఫీసు.”

“ఎవురైతేనేం. మొన్నొక ఏడాది ఇనప ముక్కొకటి వలలో పడితే చెప్పినాం. మంచికి పోయి చెప్పినాం. రెండు దినాలు పడవ కదలనీయలేదు. ఫోటోలంట, సంతకాలంట. యాడ దొరికినాదో చూపించు అని సముద్రంలోకి తిప్పినారు. మాకు చేపలు పడే చోటు ఊరందరికీ తెలిసిపోయినాది. అప్పుడే కూర్చోని మాట అనుకున్నాం, తేలేది ఏదొచ్చినా నోరు మెదపగూడదని.”

“చోటు నాకక్కర్లేదక్కా. మూత చాలు.”

“మూత ఇచ్చి నేను చేపల నెత్తిన నీళ్లు పోసి చల్లబరచాలా? ఇది పెట్టినాక ఐసు రెండు దినాలుంటుండాది. వీళ్ల నాయన వేసిన రేకు మూతకి మధ్యానానికే పప్పుచారు.”

అన్న తల దించుకుని నవ్వాడు. “రేకు మూత కాదక్కా, దీనికి దీటుగా వేరేది చేసిస్తాను.”

“చెయ్యి చూద్దాం. రెండు దినాలు ఐసు నిలిస్తే అప్పుడు మాట్లాడదాం.”

కోసేసిన అంచు గురించి అడిగాను. “ఆ పక్క రెండు కొక్కేలుండాయి. పెట్టెకి అడ్డమొస్తుంటే మా ఆయన కోసేసినాడు. పొయ్యిలో పెడితే కంపు. యాడో పారేసినాం” అంది.

ఆ తలుపు ఎందుకు ఊడిందో చెప్పగలిగినవి ఆ కొక్కేలే.

అన్న రెండు రేకుల నడుమ థర్మోకోల్ పెట్టి మూత చేశాడు. ఉపవాసంలోనే రోజంతా సుత్తి పట్టుకున్నాడు. మొదటిది ఒక రోజే నిలిచింది. ఆమె బస్సులో దాన్ని తెచ్చి కొట్టు ముందు పెట్టి, “రాకెట్టు చేసినోడివి, మూత చెయ్యలేవా” అంది. ఆధారాలు ఇవ్వడానికి కమిటీ పెట్టిన గడువు దగ్గరపడుతోంది. నేను ఆ పెట్టెలో కరుగుతున్న ఐసు గురించి రోజూ ఫోనులో కనుక్కునే స్థితికి వచ్చాను. రెండో మూత రెండు రోజులు నిలిచింది. గడువుకు ముందురోజు ఆమె తెల్ల మూతను గోనెపట్టాలో చుట్టి ఇచ్చింది. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. కానీ తెల్లరంగు మీద ఎక్కడా మసి లేదు, కమిలిన గుర్తు లేదు. మంటలో ఊడిన ముక్క అలా ఉండదు.

అదంతా రాసి, ఫోటోలు పెట్టి, మూతతోసహా అప్పగించాను. రసీదు మీద ‘చేపల పెట్టె మూత – ఒకటి’ అని రాసిచ్చారు. దిద్దమన్నాను. వస్తువు ఇప్పుడున్న రూపం అదేనన్నారు.

కమిటీ నివేదిక వర్షాకాలంలో వచ్చింది. ఆ పలక ఈ రాకెట్టుదేనని చెప్పడానికి గుర్తులున్న అంచు లేదన్నారు. దొరికిన చోటూ తేదీ నమోదు కాలేదన్నారు. అక్క చోటు చెప్పలేదు, నేను అడగనని మాటిచ్చాను. నాలుగు జాడలు రిజిస్టర్ ప్రకారం పక్షులన్నారు. చివరి పేజీలో మాత్రం ఒక మార్పు ఉంది. అంతకుముందు బయటికొచ్చిన ముసాయిదాలో ‘బిగింపులో లోపం వల్ల’ అని ఉన్నచోట ఇప్పుడు ‘బిగింపులో లోపాన్ని తోసిపుచ్చలేము’ అని ఉంది. నా వాదనకు దక్కింది ఆ ఒక్క క్రియాపదం. అలాంటి వాక్యాన్ని ఎవరూ ఖండించలేరు, ఎందుకంటే అది ఏమీ చెప్పదు. కానీ దాన్ని చూపించి ఒక మనిషిని పనిలోకి తీసుకోకుండా ఉండవచ్చు.

ఆ పేజీ అన్నకు చదివి వినిపించాను. కొట్లో ఇంకో మూతకు అంచు మడుస్తున్నాడు. అక్క ఊళ్లో చెప్పడంతో ఆ పల్లెనుంచి మూతలు అడుగుతున్నారు.

“తోసిపుచ్చలేము అంటే నేను తప్పు చేసినట్టా మేడం, చెయ్యనట్టా?”

ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆయన “సరేలెండి, ఆ కొన పట్టుకోండి కొంచెం” అని రేకు అంచు నా చేతికిచ్చి సుత్తి అందుకున్నాడు.

ఆ చలికాలానికి మా కేంద్రంలో కొత్త రిజిస్టర్ వచ్చింది. ఎత్తు గడి పెట్టమని నేను రెండుసార్లు రాసి ఇచ్చాను. పెట్టలేదు. చివరి గడిలో మాత్రం చేత్తో రాసే శ్రమ లేకుండా వరుసవరుసకూ ‘పక్షులు’ అని అచ్చు వేయించారు. మరక సరస్సు మీద ఉంగరంలా విచ్చుకుంటే ఆ అచ్చు మాటను అలాగే వదిలి సంతకం చేస్తాను. లేకపోతే ఆ మాట కొట్టివేసి ‘గుర్తించలేదు’ అని రాసి, పక్కన మార్జిన్లో ఎత్తు వేస్తాను. తుడవని ఫైలు నా సొంత డిస్కులో దాచవచ్చా అని అనుమతి అడిగాను. జవాబు రాలేదు.

రిటైరవడానికి వారం ముందు సారు ఆ పేజీలు తిరగేసి, “రోజూ ఇట్టా కొట్టేస్తా పోతే పైనోళ్లు అడగరా?” అన్నారు.

“అడగాలనే సార్.”

ఇంతవరకూ ఎవరూ అడగలేదు.